మనుచరిత్రలో సుఖవిచారం: ప్రవరుడు, వరూధిని, స్వరోచి

ప్రస్తావన

శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానంలో అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రకు ‘స్వారోచిషమనుసంభవం’ అనేది అసలు పేరు. ఆరు ఆశ్వాసాల ఈ ప్రబంధానికి మార్కండేయపురాణం మూలం. ఆ పురాణాన్ని తిక్కన శిష్యుడైన మారన అంతకుముందే తెలుగు చేశాడు. మూలంలో క్లుప్తంగా ఉన్న ప్రవరాఖ్యుడి వృత్తాంతాన్ని పెద్దన విస్తరించి, వర్ణనలతో, సంవాదాలతో సర్వాంగసుందరంగా తీర్చాడు. పాఠ్యాంశాలలోనూ, సాహిత్యసభలలోనూ మనుచరిత్ర అంటే ప్రవర వరూధినుల కథే అన్నంతగా ఆ భాగానికి ప్రసిద్ధి వచ్చింది.

ఈ ప్రసిద్ధి వల్ల కావ్యానికి మేలుతో పాటు కొంత నష్టమూ జరిగింది. ప్రవరుడు ధర్మానికీ, వరూధిని కామానికీ ప్రతినిధులనీ, వారి సంవాదం ధర్మకామాల సంఘర్షణ అనీ ఒక స్థిరమైన వ్యాఖ్యానం ఏర్పడింది. కఠోపనిషత్తు చెప్పిన శ్రేయఃప్రేయోమార్గాల విభజనను ఈ వ్యాఖ్యానానికి ఆధారంగా చూపడం కూడా పరిపాటి. ప్రవరుడి నిగ్రహాన్ని మెచ్చుకున్నవారూ, వరూధిని పట్ల సానుభూతి చూపినవారూ ఈ చట్రాన్ని మాత్రం మార్చలేదు. విశ్వనాథ సత్యనారాయణ ‘అల్లసానివాని అల్లిక జిగిబిగి’ వంటి విమర్శగ్రంథాలు పెద్దన శిల్పాన్ని సూక్ష్మంగా పరిశీలించాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల పూర్తి ఆంగ్లానువాదం 2015లో వెలువడ్డాక ఆరు ఆశ్వాసాలనూ ఒకే కావ్యంగా చదవవలసిన అవసరం మరింత స్పష్టమైంది.

అలా ఏకంగా చదివినప్పుడు మనుచరిత్రలో మరొక ప్రశ్న ముందుకు వస్తుంది. మనిషి దేనివల్ల సుఖపడతాడు? తన జీవితం నిండుగా ఉందని ఏ ఆధారంతో అనుకుంటాడు? కావ్యంలో ముగ్గురు ఈ ప్రశ్నకు మూడు విధాలుగా తమ జీవితాలతో సమాధానమిస్తారు. లోటులేని గృహస్థజీవితం ప్రవరుడిది. కోరినది దక్కిందన్న తృప్తి వరూధినిది. లోకం సుఖసాధనాలుగా భావించే సమస్తమూ సమకూరిన జీవితం స్వరోచిది. ఈ మూడింటిలో ప్రతిదానికీ ఒక పరీక్ష ఎదురవుతుంది. ఆ పరీక్షలు మూడూ ఒకే చోటికి దారితీస్తాయి. సుఖానికి విలువ దాని మోతాదును బట్టి రాదనీ, ఎవరితో కలిసి, ఏమి ఎరిగి అనుభవిస్తున్నామన్న దానిని బట్టి వస్తుందనీ కావ్యగమనం సూచిస్తుంది. ఈ అంశాన్ని నిరూపించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

నిండిన ఇంట్లో ఒక కోరిక

వరణానదీ తీరంలోని అరుణాస్పదపురంలో ప్రవరుడి ఇల్లు సమృద్ధికి నమూనా. పొలం పండుతుంది, పాడి ఉంది, దానం పట్టవలసిన అవసరం లేదు. తల్లిదండ్రులు బ్రతికి ఉన్నారు. భార్య అనుకూలవతి. చదువుకునే శిష్యులున్నారు. అగ్నిహోత్రం నిరంతరం సాగుతూ ఉంటుంది. వయసు, రూపం, విద్య, ఆచారం అన్నీ ఒక్కచోట చేరిన మనిషి ప్రవరుడు. కథ మొదలయ్యేటప్పటికి అతనికి బయటినుంచి రావలసిన సుఖమేదీ మిగిలి లేదు.

అయినా అతనిలో ఒక వెలితి ఉంది. తీర్థయాత్రికులు ఊరికి వచ్చారని వింటే ఎదురేగి వారిని ఇంటికి తీసుకువస్తాడు. భోజనం పెట్టి, వారు చూసిన క్షేత్రాలను, నదులను, పర్వతాలను గురించి అడుగుతాడు. ఎంత దూరమో తెలుసుకుంటాడు. తాను వెళ్లలేకపోతున్నందుకు నిట్టూరుస్తాడు. అతని అతిథిసత్కారంలో ధర్మం ఎంత ఉందో దూరదేశాల మీది కుతూహలం కూడా అంతే ఉంది. ధర్మకామాల చట్రంలో ప్రవరుణ్ణి చూసే విమర్శ ఈ కుతూహలాన్ని కథ కదలడానికి పనికివచ్చే ఉపాయంగా మాత్రమే పరిగణించింది. వాస్తవానికి ఇది పాత్రచిత్రణలో కీలకమైన అంశం. పెద్దన నాయకుడు కోరికలు లేని మనిషి కాడు. అతనికి కళ్లారా చూడాలన్న కోరిక ఉంది. అతని జీవితం నిండుగా ఉండడమూ, ఆ నిండుతనం అతనికి పూర్తిగా కనబడకపోవడమూ ఏకకాలంలో సాగుతున్నాయి.

సిద్ధుడి రాకతో ఈ స్థితి మారుతుంది. ఇంత చిన్న వయసులో ఇన్ని దేశాలు ఎలా తిరగగలిగావన్న ప్రవరుడి ప్రశ్న సహజమైనది. ఓషధుల మహిమ అని సిద్ధుడు చెప్పిన జవాబు, అతడిచ్చిన పాదలేపం ప్రవరుడి చిరకాలవాంఛను క్షణంలో సాధ్యం చేస్తాయి. ఇక్కడ పెద్దన కథానిర్మాణంలో ఒక సూక్ష్మత ఉంది. ఆ లేపం ప్రవరుడు సాధించినది కాదు, ఒకరు పూసినది. నడక లేకుండా దూరాన్ని దాటించే సాధనం అది. యాత్రికులు రోజుల తరబడి నడిచి చూసిన దానిని అతడు ఒక పూటలో చూడగలుగుతాడు. తిరిగి రావలసిన దారి మాత్రం అతని కాళ్లకు తెలియదు.

పోయిన తరువాత లెక్కకు వచ్చినవి

హిమవత్పర్వతం మీద ప్రవరుడి అనుభవాన్ని పెద్దన పరిహాసంగా చూపలేదు. సెలయేళ్లను, శిఖరాలను, అడవి మృగాలను చూసి ఆ బ్రాహ్మణుడు నిజంగానే ఆనందిస్తాడు. ఆ కొండ మహిమను వర్ణించడం ఎవరికీ సాధ్యం కాదనుకుంటాడు. అయితే ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇంటికి మరలాలనుకుంటాడు. మిగిలిన వింతలను మరునాడు వచ్చి చూడవచ్చునన్నది అతని ధీమా. ప్రవరుడి స్వభావమంతా ఈ ఆలోచనలో ఉంది. వింతకు రేపటి గడువు ఇవ్వగలడు, మధ్యాహ్నకృత్యానికి ఇవ్వలేడు. అతని జీవితానికి ఆకారమిచ్చేది కాలనియమం.

మంచునీటికి లేపం కరిగిపోయిందని గ్రహించిన క్షణంలో అతని విలాపం మొదలవుతుంది. ఇది సంవాదపద్యాలంత ప్రసిద్ధి పొందకపోయినా సుఖవిచారానికి అంతకంటే ముఖ్యమైన ఘట్టం. తాను ఒక్క నిమిషం కనబడకపోతే ఊరంతా వెదికే తండ్రిని తలచుకుంటాడు. తల్లి, మనసెరిగి మెలగే భార్య, సౌమ్యులైన శిష్యులు వరసగా గుర్తుకు వస్తారు. అతిథుల భోజనం ఏమైందో, అగ్నులు ఏమయ్యాయో, నిత్యకృత్యాలు ఏమయ్యాయో అని తపిస్తాడు.

ఈ క్రమం గమనించదగినది. ధర్మనిష్ఠకు ప్రతీకగా పేరుపడిన ప్రవరుడికి మొదట గుర్తుకు వచ్చింది అగ్నిహోత్రం కాదు, తండ్రి ఆందోళన. మనుషులు ముందు, కర్మలు తరువాత. పైగా ప్రతి తలంపులోనూ తన బాధకంటే తనకోసం ఎదురుచూసేవారి బాధ ప్రధానంగా ఉంటుంది. అరుణాస్పదపురంలో ఉన్నప్పుడు అతని మాటల్లో దూరదేశాల లెక్క ఉండేది. కొండ మీద నిలిచినప్పుడు ఇంటి లెక్క వచ్చింది. అతని సుఖం ఏయే పోగులతో నేసినదో అతనికి ఎడబాటులోనే తెలిసింది. ప్రవరుడి యాత్ర వ్యర్థం కాదు. అతడు చూడదలచినది హిమాలయాన్ని. చూడగలిగినది తన ఇంటిని.

అతని తిరుగుప్రయాణం ఈ భావాన్ని బలపరుస్తుంది. వరూధినిని నిరాకరించి, ఆచమించి, అతడు అగ్నిని ప్రార్థిస్తాడు. దానజపాగ్నిహోత్రాలలో తన నిష్ఠ నిజమైతే, పరస్త్రీని, పరధనాన్ని తాను కోరనివాడైతే, పొద్దు క్రుంకకముందే ఇల్లు చేర్చమంటాడు. పోవడానికి పనికివచ్చింది ఒకరిచ్చిన లేపం. రావడానికి పనికివచ్చింది రోజురోజూ తాను చేస్తూ వచ్చిన పని. నిత్యకర్మ వైరాగ్యానికి చిహ్నంగా ఇక్కడ కనబడదు, మనిషిని తన చోటికి చేర్చే బలంగా కనబడుతుంది. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం మొదట విషంలా ఉండి తుదకు అమృతమయ్యే సాత్త్వికసుఖాన్ని చెప్పింది. ప్రవరుడి సుఖం ఆ నిర్వచనంలో సరిగా ఇమడదు. అతని నిత్యజీవితం అతనికి ఎన్నడూ విషం కాలేదు. అలవాటు వల్ల దాని రుచి మరుగున పడింది, అంతే.

ఈ గృహస్థసుఖానికి ఒక పరిమితిని కూడా విమర్శకులు గుర్తించవలసి ఉంది. వేయిమంది వచ్చినా వండడానికి అలసిపోని ఇల్లాలిగా, నడిరేయి అతిథులు వచ్చినా అన్నం పెట్టే అన్నపూర్ణగా పెద్దన ప్రవరుడి భార్యను వర్ణించాడు. ఆ వర్ణన గొప్ప ప్రశంస. కాని ఆమె ఏ ఊరి దూరాన్నీ అడిగినట్లు కావ్యంలో లేదు. యాత్రికుల మాటలు ఆమె చెవిన పడ్డాయో లేదో తెలియదు. ప్రవరుడి కుతూహలానికి తీరిక ఆమె శ్రమలోనుంచి వచ్చింది. కావ్యం ఆమె సుఖాన్ని ప్రశ్నగా స్వీకరించలేదు. ఇల్లు సుఖానికి నెలవు అన్న నిర్ణయాన్ని కావ్యం నుంచి గ్రహించేటప్పుడు ఆ ఇంట్లో మాట్లాడని మనిషిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ నిర్ణయం అసమగ్రమవుతుంది.

వరూధిని వాదంలో లోపించిన మెట్లు

వరూధిని వాదాన్ని కేవలం ప్రలోభంగా కొట్టివేయడం సరికాదు. ఆమె వాదనలో తర్కముంది. యజ్ఞాలకు ఫలం స్వర్గం, స్వర్గంలో భోగం అప్సరస, ఆ అప్సరసే ఎదుట నిలిచి వరించినప్పుడు మళ్లీ యజ్ఞాలతో శరీరాన్ని శ్రమపెట్టడం దేనికి? కర్మఫలాన్ని నమ్మే కర్మిష్ఠుణ్ణి అతని సిద్ధాంతంతోనే నిలదీసే ప్రశ్న ఇది. అంతటితో ఆగక ఆమె వేదాంతాన్ని కూడా తోడు తెచ్చుకుంటుంది. మనసు ఏకాగ్రమై ఎక్కడ నిశ్చలమైన ఆనందాన్ని పొందుతుందో అదే బ్రహ్మానందమని, ఆనందాన్ని బ్రహ్మంగా చెప్పిన శ్రుతికి లోపలి అర్థం అదేనని వాదిస్తుంది.

వరూధిని ఆశ్రయించిన శ్రుతి తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లికి చెందినది. అక్కడ భృగువు తండ్రి వరుణుడి ఆదేశంతో తపస్సు చేసి మొదట అన్నాన్ని బ్రహ్మంగా గ్రహిస్తాడు. తరువాత ప్రాణాన్ని, మనస్సును, విజ్ఞానాన్ని ఒక్కొక్కటిగా దాటి చివరకు ఆనందాన్ని తెలుసుకుంటాడు. ప్రతి మెట్టు దగ్గరా అతడు తిరిగి తండ్రివద్దకు వెళ్లి, తిరిగి తపస్సు చేస్తాడు. వరూధిని ఈ క్రమంలో చివరి మాటను మాత్రమే తీసుకుంది. మధ్యలోని విచారణను వదిలివేసింది. సిద్ధుడి పాదలేపానికీ ఈ వాదానికీ పోలిక స్పష్టం. దారి లేకుండా గమ్యాన్ని చేర్చడం లేపం పని. విచారణ లేకుండా నిర్ణయాన్ని చేర్చడం ఆమె వాదం పని. ఈ రెండింటినీ పెద్దన పక్కపక్కనే అమర్చాడు.

ప్రవరుడి జవాబు తర్కంలో ఆమె వాదాన్ని ఓడించిందని చెప్పడం కష్టం. అతడు తన స్థితిని చెబుతాడు, దారి చూపమంటాడు, చివరకు ఆమెను తోసివేస్తాడు. ఆ తోపులోని కాఠిన్యం వల్ల పాఠకుడి మనసు వరూధిని వైపు మొగ్గితే అది కవి కోరనిది కాదు. వరూధిని కన్నీటికి పెద్దన ఇచ్చిన చోటు చిన్నది కాదు. వాదంలో ఓడని స్త్రీ జీవితంలో ఎలా ఓడిందో చూపడానికి కవి ఆమె కథను ప్రవరుడి నిష్క్రమణతో ఆపలేదు.

రెప్పపాటు నేర్చిన కళ్లు

వరూధిని ప్రవరుణ్ణి తొలిసారి చూసిన సందర్భంలో పెద్దన ఒక అపూర్వమైన కల్పన చేశాడు. దేవతలకు రెప్పపాటు లేదు, చెమట పట్టదు, మోహభ్రాంతి తగలదు. ప్రవరుణ్ణి చూసిన బెదురుచూపుతో ఆమె అనిమిషత్వం పోయింది. చెమట పట్టింది. ఎరుక స్థానంలో మోహం చేరింది. తుమ్మెదనే తలచి తలచి పురుగు తుమ్మెదగా మారినట్లు, మనిషిని భావించడం వల్ల ఆమె శరీరంలో మానవత్వం పొడసూపింది. భ్రమరకీటన్యాయం సాధారణంగా జీవుడు బ్రహ్మమవడాన్ని చెప్పేటందుకు వాడే దృష్టాంతం. పెద్దన దానిని తిరగవేసి దేవత మనిషి కావడానికి వాడాడు. వరూధిని ప్రేమను కేవలం కామంగా చూసేవారు ఈ పద్యాన్ని దాటవేయవలసి వస్తుంది. ఆమెకు కలిగినది కోరిక మాత్రమే కాదు, జాతి మారినంత మార్పు.

ఆ మార్పు తరువాత కథలో ప్రవేశించేవాడు ఆమె పూర్వం తిరస్కరించిన గంధర్వుడు. ప్రవరుడి రూపం ధరించి వస్తాడు. తాను ప్రవరుణ్ణేనని ఆమెను నమ్మిస్తాడు. సంగమసమయంలో ఆమె కళ్లు మూసుకోవాలన్నది పురాణకథలో అతడు పెట్టే నియమం. వరూధిని అంగీకరిస్తుంది. ఆమె కోరినదంతా తీరుతుంది. కొంతకాలానికి అతడు వెళ్లిపోతాడు. అగ్నితేజస్సుతో వెలిగిన అసలు ప్రవరుడి రూపాన్ని మనసులో ధ్యానించినందువల్ల ఆమెకు తేజస్వి అయిన కుమారుడు పుడతాడు. అతడే స్వరోచి.

వరూధిని సుఖపడిందా? అనుభవాన్ని బట్టి చూస్తే సుఖపడింది. ఆమె ఆనందంలో ఆమెకు తెలిసిన లోపమేదీ లేదు. అమెరికన్ తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో ఒక ఊహాపరీక్షను ప్రతిపాదించాడు. కోరిన అనుభవాలన్నిటినీ నిజమనిపించేలా కలిగించే యంత్రం ఉంటే, జీవితాంతం దానికి తగిలించుకుని ఉండడానికి మనిషి ఒప్పుకుంటాడా అన్నది అతని ప్రశ్న. ఒప్పుకోరని చాలామందికి తోచడం, సుఖానుభూతికి మించినదేదో మనిషికి కావాలనడానికి నిదర్శనమని అతని అభిప్రాయం. మాయాప్రవరుడి కథ ఈ ప్రశ్నకు చాలా సన్నిహితంగా ఉంటుంది. అయితే ఒక భేదముంది. నోజిక్ పరీక్షలో మనిషి ఎరిగి ఎన్నుకుంటాడు. వరూధినికి ఆ ఎంపిక లేదు. ఆమెను మోసగించారు. కనుక ఆమె సుఖంలోని అసత్యానికి ఆమెను బాధ్యురాలిని చేయడం అన్యాయం. ఆ బాధ్యత గంధర్వుడిది.

ఇక్కడ కళ్ల ప్రస్తావన కావ్యార్థాన్ని ముడివేస్తుంది. ప్రవరుడికి కళ్లతో చూడాలన్న కోరిక. వరూధిని కళ్లను ఎత్తిచూపే వర్ణనలతో వారి తొలి సమాగమం సాగుతుంది. నిజమైన మనిషిని చూసినప్పుడు రెప్పలేని కళ్లు రెప్పపాటు నేర్చాయి. రూపం మాత్రమే ప్రవరుడైనవాడు వచ్చినప్పుడు ఆ రెప్పలే మూతపడవలసి వచ్చింది. ప్రేమ వల్ల ఆమెకు దక్కిన మానవత్వాన్నే మోసం తన సాధనంగా వాడుకుంది. ఆమె కుమారుడి తేజస్సు మూసిన కళ్ల ఎదుట ఉన్నవాడి నుంచి రాలేదు. ఆ కళ్లు తెరచి ఉన్నప్పుడు చూసినవాడి స్మృతి నుంచి వచ్చింది. ఆమె జీవితంలో ఫలించిన అంశం సత్యానికి చెందినదే. శారీరకానందాన్ని కావ్యం నిందించలేదు. ఎరుక తప్పిన ఆనందం ఎంత నిండుగా ఉన్నా దాని ఫలం దాని నుంచి రాదని మాత్రమే సూచించింది.

అన్నీ ఉన్న స్వరోచి

కావ్యం రెండో సగంలో నాయకుడైన స్వరోచి తల్లి వంటివాడు కాదు, ప్రవరుడి వంటివాడూ కాదు. అతడు కోరకముందే అన్నీ లభిస్తాయి. మనోరమను రాక్షసరూపంలో తరుముతున్న ఇందీవరాక్షుణ్ణి అతడు శాపవిముక్తుణ్ణి చేస్తాడు. మనోరమ వల్ల అస్త్రవిద్య, ఆమె తండ్రి అయిన ఆ ఇందీవరాక్షుడి వల్ల ఆయుర్వేదం లభిస్తాయి. మనోరమ చెలికత్తెలైన విభావరి, కళావతులకు శాపవశాన వచ్చిన రోగాలను ఆ వైద్యంతో మాన్పి వారినీ పెళ్లాడతాడు. విభావరి నుంచి సకలజంతువుల భాషలను తెలుసుకునే విద్య, కళావతి నుంచి నిధుల నిచ్చే పద్మినీవిద్య సంక్రమిస్తాయి.

ఈ పట్టికను ఒక్కచోట ఉంచి చూస్తే దాని విశేషం తెలుస్తుంది. రక్షణ, ఆరోగ్యం, జ్ఞానం, సంపద, ప్రేమించే భార్యలు. సుఖజీవితానికి ఏమేమి కావాలని ఏ కాలంలో ఎవరిని అడిగినా దాదాపు ఈ జాబితానే చెబుతారు. ప్రవరుడికి ఉండిన వెలితి స్వరోచికి లేదు. వరూధినికి జరిగిన మోసమూ లేదు. అతని సుఖం సంపూర్ణం, సత్యం కూడా. అటువంటి సుఖానికి పరీక్ష ఎక్కడినుంచి రావాలి? అతని సంపదలలో ఒకటైన జంతుభాషాజ్ఞానం నుంచే వస్తుంది.

విహారవేళ ఒక ఆడహంస అతని దాంపత్యసుఖాన్ని పొగడుతుంది. చక్రవాకి ఆ మాట ఒప్పుకోదు. మనసు నిలిచేది ఒక్కరి మీదనేననీ, పలువురి మధ్య పంచుకునే అనురాగం వినోదమే తప్ప ప్రేమ కాదనీ, ధన్యత తనదీ తన జోడుదీ అనీ దాని వాదం. ఈ మాటను చక్రవాకి చేత చెప్పించడంలో గొప్ప ఔచిత్యముంది. కవిసమయం ప్రకారం చక్రవాకదంపతులకు ప్రతి రాత్రీ ఎడబాటు తప్పదు. రోజూ విరహం అనుభవించే పక్షి, ఎడబాటే ఎరుగని రాజు కంటే తాను ధన్యురాలినని చెబుతోంది. దుఃఖం లేకపోవడమే సుఖమన్న నిర్వచనాన్ని ఈ ఒక్క సన్నివేశం కూలదోస్తుంది. మరికొంతకాలం తరువాత తనను చుట్టుముట్టిన ఆడజింకలను మందలిస్తూ, తాను స్వరోచిని కానని ఒక మగజింక అంటుంది. అతని పేరు అడవిలో సామెతగా మారిందన్నమాట.

మానవుడెవరూ స్వరోచిని విమర్శించలేదు. అతణ్ణి పొగిడే లోకానికి పక్షుల మాట వినబడదు. వినగల శక్తి అతనికి మాత్రమే ఉంది. అంటే తన సుఖం లోటును తెలుసుకునే అవకాశం అతనికి అతని జ్ఞానమే ఇచ్చింది. ఆ జ్ఞానం లేకుంటే అతడు మరింత సుఖంగా ఉండేవాడని ఎవరైనా అనవచ్చు. కాని కావ్యం ఆ మార్గాన్ని మూసివేసింది. కళ్లు మూసుకున్న సుఖం ఎటువంటిదో అతని తల్లి కథలో అప్పటికే చూపింది.

స్వరోచి తక్షణమే మారిపోలేదన్నది మరొక వాస్తవం. విరక్తి కలిగినా భార్యలను చూడగానే అది కరిగిపోతుందనీ, మరి కొన్ని వందల ఏళ్లు భోగాలలోనే గడుపుతాడనీ పురాణం చెబుతుంది. తెలుసుకోవడానికీ, మారడానికీ మధ్య ఉండే దూరాన్ని దాచకపోవడం ఈ కథ నిజాయితీ. ప్రవరుడు ఒక్క పగటిలో నేర్చుకున్నది స్వరోచికి సుదీర్ఘకాలం పట్టింది. ప్రవరుడిది పోగొట్టుకుంటానన్న భయం నేర్పిన పాఠం. పోగొట్టుకోవలసిన అవసరమే రానివాడికి అటువంటి పాఠం ఆలస్యంగానే అందుతుంది.

ఉపసంహారం

మూడు జీవితాలను వరసగా పరిశీలించినప్పుడు మనుచరిత్ర సుఖాన్ని నిరాకరించే కావ్యం కాదని స్పష్టమవుతుంది. హిమాలయశోభను, వరూధిని సౌందర్యాన్ని, స్వరోచి విహారాలను అంత మక్కువతో వర్ణించిన కవి సుఖవిముఖుడని చెప్పలేము. పెద్దన చేసినది సుఖాన్ని పరీక్షకు నిలపడం. ప్రవరుడి సుఖంలో బంధం ఉంది, ఎరుక ఎడబాటులో కలిగింది. వరూధిని సుఖంలో గాఢత ఉంది, ఎరుకను మోసం అపహరించింది. స్వరోచి సుఖంలో సమృద్ధి ఉంది, ఎరుక అతని చెవిని చేరి దానిని కలవరపెట్టింది. ధర్మకామాల సంఘర్షణ అన్న వ్యాఖ్యానం మొదటి రెండు జీవితాలను కొంతవరకు వివరించగలదు. మూడోదానిని వివరించలేదు. స్వరోచి అనుభవించినది ధర్మవిరుద్ధమైన కామం కాదు. అయినా అది చాలలేదు. ఎందుకు చాలలేదన్న ప్రశ్నకు జవాబు కావాలంటే సుఖానికీ, ఎరుకకూ ఉన్న సంబంధాన్ని కావ్యమంతటా వెదకవలసిందే.

కావ్యం పేరు కూడా ఈ దృష్టితో కొత్త అర్థాన్ని ఇస్తుంది. స్వరోచికి వనదేవత వల్ల పుట్టినవాడు స్వారోచిషమనువు. ఒక మన్వంతరంలోని మనుషులందరికీ అధిపతి. ఆ మనువు పుట్టుక వెనుక ఒక గృహస్థు కుతూహలం, ఒక అప్సరస తిరస్కృతప్రేమ, ఒక గంధర్వుడి మోసం, ఒక రాజు ఆలస్యంగా విన్న పక్షుల మాట ఉన్నాయి. ప్రవరుడి అగ్నితేజస్సు రక్తసంబంధం లేకుండానే, ఒక స్త్రీ తలపోత ద్వారా ఆ వంశంలోకి ప్రవహించింది. మానవుడి మూలాన్ని చెప్పదలచిన కావ్యం సుఖాన్ని వెదకి పొరబడిన వారి కథలతో నిండి ఉండడం యాదృచ్ఛికం కాదు.

ప్రవరుడు ఇల్లు చేరిన తరువాత కథ అతణ్ణి వదిలివేస్తుంది. ఆ సాయంకాలం తండ్రి ఏమన్నాడో, ఇల్లాలు ఏమని అడిగిందో పెద్దన చెప్పలేదు. యాత్రికులు మళ్లీ ఊరికి వచ్చినప్పుడు అతడు దూరాలు అడిగాడో లేదో కూడా చెప్పలేదు. అగ్నిహోత్రం వేళకు ఇల్లు చేరిన మనిషి సుఖాన్ని వర్ణించడానికి అంతటి వర్ణనానిపుణుడికి ఒక్క పద్యం కూడా అవసరం కాలేదు. పాఠ్యప్రణాళికలు ఈ కావ్యాన్ని తొలి ఆశ్వాసాలకే పరిమితం చేయకుండా చివరి ఆశ్వాసం దాకా చదివించగలిగితే, ఆ మౌనానికి తగిన వ్యాఖ్య చక్రవాకి మాటల్లో దొరుకుతుంది.